ఎనిమిదో రాయి దాటితే పచ్చిదే

మాది మైలురాళ్ల శాఖ. దేశంలో మైళ్లు పోయి కిలోమీటర్లు వచ్చి అరవై ఏళ్లు దాటినా మా శాఖ పేరు మారలేదు. పేరు మార్చాలా వద్దా అని ఒక కమిటీ వేశారు. ఆ కమిటీ సభ్యుల్లో ముగ్గురు రిటైరయ్యారు, ఒకాయన పోయారు, కమిటీ మాత్రం ఉంది. రోడ్డు పక్కన రాయి ఉందా లేదా, ఉంటే నిలబడి ఉందా పడుకుని ఉందా అని చూసి వచ్చి రిపోర్టు రాయడం మా పని. నేను అందులో సీనియర్ అసిస్టెంటుని. పేరు భుజంగరావు. ఇరవై ఆరేళ్లుగా రాళ్ల మధ్య తిరుగుతున్నవాణ్ణి కాబట్టి దేనికీ పెద్దగా ఆశ్చర్యపోను.

ఆ సర్క్యులర్ చదివినప్పుడు మాత్రం కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాను.

జరిగిందేమిటంటే, మా డైరెక్టరు చిదానందంగారు నడుంనొప్పికని ఏదో ప్రకృతి ఆశ్రమంలో పదిహేను రోజులుండి వచ్చారు. వెళ్లకముందు ఆయన బొజ్జ ముందుగా గదిలోకి వచ్చేది, ఆయన తరవాత వచ్చేవారు. తిరిగొచ్చాక ఇద్దరూ ఒకేసారి వచ్చారు. అక్కడ పదిహేను రోజులూ పొయ్యి ఎక్కని తిండే తిన్నారట. నడుంనొప్పి మాయమైంది. ఆ సుఖం తనొక్కడికే దక్కడం అన్యాయమని ఆయనకు తోచింది. చాలా మంచి మనిషి. మంచి మనుషుల చేతికి ఆకుపచ్చ ఇంకు ఇవ్వకూడదని నాకు అప్పుడే అర్థమైంది.

"పర్యటనలో ఉన్న శాఖా సిబ్బంది యావన్మందియు అపక్వాహారమును, అనగా అగ్నిస్పర్శ ఎరుగని ఆహారమును మాత్రమే భుజించవలెను. ఉల్లంఘించినచో సదరు పర్యటన జరగనట్లే భావించబడును. పచ్చిదే ప్రాణము, వండినది శవము."

పర్యటనలోనే ఎందుకంటే, ఇంట్లో మేమేం తింటామన్నది శాఖ పరిధిలోకి రాదు. భార్యల పరిధిలోకి వస్తుంది. డైరెక్టరుగారు ఆ సరిహద్దు జోలికి పోదలచుకోలేదు. ఇక మా నిబంధనల ప్రకారం ఆఫీసు నుంచి ఎనిమిదో రాయి దాటితేనే పర్యటన. దాటకపోతే షికారు. అందుచేత ఎనిమిదో రాయికి ఇవతల ఏం తిన్నా తప్పు లేదు, అవతల ఇడ్లీ ముక్క పంటి సందులో దొరికినా తప్పే.

మావాళ్లకు రాళ్లు చదవడం బాగా వచ్చు. వారం తిరక్కుండానే ఎనిమిదో రాయికి ఇవతల మూడు గజాల్లో ఒక ఇడ్లీ బండి వెలిసింది. పర్యటనకు బయల్దేరిన ప్రతి జీపూ అక్కడ ఆగేది. తలా పన్నెండు ఇడ్లీలు లాగించి, మూతి తుడుచుకుని, చేతిలో దోసకాయ పట్టుకుని, విరక్తి మొహంతో రాయి దాటేవాళ్లం.

తరవాత సందేహాలు మొదలయ్యాయి. మా శాఖలో పని లేకపోయినా సందేహాలకు లోటుండదు. పెరుగు పచ్చిదా? పాలు కాచే కదా తోడుపెడతారు? ఎండలో పెట్టిన ఒడియం సంగతేమిటి? ఎండ అగ్నియా కాదా? ఈ చివరి ప్రశ్న మీద పద్నాలుగు పేజీల నోటు తయారై, సూర్యుడు ఏ శాఖ కిందికి వస్తాడో తేలక వెనక్కి వచ్చింది.

ఈ చిక్కు విప్పడానికి హైమవతిగారిని అపక్వాహార పర్యవేక్షణాధికారిగా వేశారు. ఆవిడ అంతకుముందు కొలతల విభాగంలో ఉండేవారు. పంతొమ్మిదేళ్ల సర్వీసులో ఏ రిపోర్టులోనూ 'సుమారు' అన్న మాట రాయలేదు, ఎవరైనా రాస్తే ఎర్ర గీత పెట్టి కొట్టేసేవారు. ఆవిడ రెండు రోజుల్లో నాలుగో పేరా అని ఒకటి రాసి సర్క్యులర్‌కు అతికించారు.

"పరిశీలన సమయమున నలభై రెండు డిగ్రీల ఉష్ణోగ్రతను మించిన పదార్థము పక్వము. మించనిది అపక్వము."

డైరెక్టరుగారు మురిసిపోయి సంతకం పెట్టారు. హైమవతిగారికి సూదిలాంటి ముక్కున్న ఒక థర్మామీటరు కొనిపెట్టారు. ఆవిడ దాన్ని జడలో పువ్వు కంటే భద్రంగా చూసుకునేవారు.

ఇంతవరకూ ఎవరికీ పెద్ద నష్టం లేదు. నష్టం సున్నంపాడులో జరిగింది.

సున్నంపాడు పల్నాడులో, మా ఆఫీసుకు డెబ్బై ఒకటో రాయి దగ్గరుంది. అక్కడ మా శాఖ విశ్రాంతి గృహం. దానికి వంటమనిషి మీరావలి. ముప్ఫై ఏళ్ల సర్వీసు. అతని చేతి గుత్తివంకాయ కోసం లేని రాళ్లను తనిఖీ చెయ్యడానికి వెళ్లిన అధికారులు నాకు తెలుసు. నేనూ రెండుసార్లు వెళ్లాను. పర్యటనలో అందరూ పచ్చిదే తినేటప్పుడు వంటమనిషి ఎందుకని పైనుంచి ప్రశ్న వచ్చింది. వంటింటి పొయ్యికి లక్క ముద్ర వేశారు. మీరావలి పోస్టు మిగులు పోస్టని తేల్చారు. అతన్ని రంగుల విభాగానికి, అంటే రోడ్డు వెంట రాళ్లకు సున్నం కొట్టి అంకెలు దిద్దే పనికి మార్చాలని ఆర్డరు టైపైంది. డైరెక్టరుగారు స్వయంగా తనిఖీకి వచ్చి, వంటమనిషి అవసరం లేదని కళ్లారా చూసి, అక్కడే సంతకం పెడతారు. నెల మే. ఆర్డరు నా సంచీలో ఉంది.

ముందురోజే ఏర్పాట్లు చూడమని నన్ను పంపారు. మీరావలి వరండా మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేవబోయాడు. లేవడానికి స్తంభం పట్టుకున్నాడు.

"కూర్చో మీరావలీ," అన్నాను.

"ఏంది బుజంగరావుగారూ ఇది? ముప్ఫై ఏళ్లు గరిటె పట్టిన చేతికి కుంచె ఇత్తారంటగా? నా మోకాళ్ల సంగతి మీకు తెలవదా? కూసుంటే లేవవు, లేత్తే కూసోవు. ఆ రాళ్ల ముందు రోజుకి నలభైసార్లు ఎట్టా కూసుని లేసేది? అదీ ఈ ఎండలో."

"రెండేళ్ల చిల్లర సర్వీసేగా ఉంది. సెలవు పెడితే..."

"సెలవు ఎన్నాళ్లు పెడతా సారూ? పోనీ, నేను ఎవురికన్నా తక్కువ చేశానా? ఉప్పెక్కువైందని ఒక్కరు అన్నారా?"

అతని చేతి తిండి తిన్న నోరు నాది, అబద్ధం రాలేదు. సంచీని కొంచెం వెనక్కి జరుపుకుని, రేపు ఏం చెయ్యాలో మాత్రం చెప్పాను. నిప్పు అంటించొద్దు, డైరెక్టరుగారి ముందు వంట మాట ఎత్తొద్దు.

"నిప్పెందుకు సారూ ఈ ఊళ్లో?" అన్నాడు మీరావలి, పొయ్యి వైపు చూపించి. లక్క ముద్ర ఎండకు దానంతటదే కరిగి నేల మీదికి కారిపోయి ఉంది.

మర్నాడు పదకొండున్నరకు డైరెక్టరుగారి జీపు వచ్చింది. ఆయన నిజాయితీపరుడు. ఎనిమిదో రాయి దగ్గర ఇడ్లీ బండి వైపు తల కూడా తిప్పలేదట. పొద్దుట్నుంచీ ఖాళీ కడుపుతో, ఒళ్లో వెదురుబుట్ట పెట్టుకుని వచ్చారు. బుట్టలో కీరదోసకాయలు, క్యారెట్లు, మొలకెత్తిన పెసలు, నానబెట్టిన వేరుశనగలు, ఒక కర్బూజా. ఐసు పెట్టడం ప్రకృతి విరుద్ధమని పెట్టనివ్వలేదు. అదే కారణంతో విశ్రాంతి గృహంలోని ఫ్రిజ్జును కిందటి నెలే తీసేయించారు.

జీపు దిగి, వరండాలో నిలబడి ఉపన్యాసం ఇచ్చారు. ఆయనతో వచ్చిన హైమవతిగారు థర్మామీటరు తుడుచుకుంటున్నారు కాబట్టి వినేవాళ్లం నేనూ మీరావలీ మాత్రమే.

"మిత్రులారా! మన పూర్వులు అడవుల్లో వండుకు తిన్నారా? లేదు. అందుకే వారికి నడుంనొప్పి లేదు. ప్రకృతి మనకు అన్నీ వండకుండానే ఇచ్చింది. ఈ బుట్ట చూడండి! ఇందులో ప్రాణం తొణికిసలాడుతోంది!"

ప్రాణం సంగతేమో గాని, కర్బూజా లోపల నీళ్లు నిజంగానే తొణికిసలాడుతున్నాయి.

"మొదలుపెట్టండి హైమవతిగారూ," అంటూ ఆయన చేతులు కడుక్కుని కూర్చున్నారు.

హైమవతిగారు థర్మామీటరు తీసి కీరదోసకాయకు గుచ్చారు. అర నిమిషం ఆగి, ముఖంలో ఏ మార్పూ లేకుండా చదివారు.

"నలభై నాలుగు పాయింటు రెండు. పక్వం."

డైరెక్టరుగారు నవ్వారు. "కీరదోసకాయండీ. పాదు నుంచి కోసిందే. మళ్లీ చూడండి."

"నలభై నాలుగు పాయింటు మూడు. ఇంకా ఉడుకుతోంది సార్."

క్యారెట్టు నలభై నాలుగు. పెసలు నలభై ఐదు, పక్వం. వేరుశనగలు పక్వం. కర్బూజా పైన నలభై ఐదు, నడిమధ్య నలభై రెండు పాయింటు ఒకటి. "పైన బాగా ఉడికింది, లోపల సరిగ్గా ఉడికింది," అని రాసుకున్నారు. నీళ్ల సీసాలో ముంచితే నలభై మూడు వచ్చింది. అంటే అవి కాచిన నీళ్ల కిందే లెక్క. బయట గోడకు వేలాడే థర్మామీటరు నలభై ఆరు చూపిస్తోంది. అంటే సున్నంపాడు మొత్తం పొయ్యి మీదుంది.

డైరెక్టరుగారు బుట్ట వైపు చూశారు, హైమవతిగారి వైపు చూశారు. తినేస్తే పర్యటన జరగనట్లే. జరగకపోతే ఆయన ఇవాళ ఆఫీసులో లేనట్టు, ఇక్కడా లేనట్టు. రాష్ట్రంలో ఎక్కడా లేని డైరెక్టరు సంతకాలు చెల్లవని మూడో పేరాలో తనే రాశారు.

"ఆకలి శరీరానికి మంచిదే," అన్నారు.

ఒంటిగంటకు ఆ మాట ఇంకోసారి అన్నారు. రెండింటికి మంచం మీద పడుకుని, మీరావలి బదిలీ ఆర్డరు నా చేతిలోంచి తీసుకుని దాంతోనే విసురుకోవడం మొదలుపెట్టారు. ఒళ్లు కాలిపోతోందని మూలిగితే హైమవతిగారు థర్మామీటరు తుడిచి ఆయన చంకలో పెట్టారు.

"ముప్ఫై ఎనిమిది పాయింటు నాలుగు. సార్ ఇంకా అపక్వంగానే ఉన్నారు."

"మరి నేనేం తినాలండీ?" అన్నారు డైరెక్టరుగారు.

"సాయంత్రం ఆరున్నరకు ఊరు చల్లబడుతుంది సార్. అప్పుడు దోసకాయ నలభై రెండుకు దిగితే మళ్లీ అపక్వమవుతుంది."

"ఒకసారి వండినది మళ్లీ పచ్చిదెలా అవుతుంది?"

"నాలుగో పేరాలో పదార్థం గతం గురించి ఏమీ లేదు సార్. పరిశీలన సమయం గురించే ఉంది. మీరు సంతకం పెట్టారు."

తాను తవ్విన గోతిలో పడ్డవాణ్ణి చూస్తే నవ్వు రావాలి. నాకు మాత్రం జాలేసింది. ఆకలితో ఉన్న మనిషి డైరెక్టరైనా మనిషే.

సరిగ్గా అప్పుడు వేపచెట్టు వైపు నుంచి వాసన వచ్చింది. ఉల్లిపాయ కొరికిన వాసన, దాని వెనకే ఆవపిండి ఘాటు. డైరెక్టరుగారు పడుకున్నవారు పడుకున్నట్టే ముక్కు తిప్పారు, తరవాత తల తిప్పారు, తరవాత లేచి చెప్పుల్లేకుండానే నడిచారు. మేమిద్దరం వెనకాలే వెళ్లాం.

చెట్టు కింద మీరావలి అన్నం తింటున్నాడు. ఇసుకలో సగం దాకా పాతిన మట్టికుండ, దాని చుట్టూ తడిపిన గోనె. మమ్మల్ని చూసి స్తంభం కోసం చెయ్యి చాచాడు గాని అక్కడ స్తంభం లేదు.

"ఏమిటది?" అన్నారు డైరెక్టరుగారు.

"నా సద్దన్నం సారూ. రాత్రి మా ఇంట్లో వొండుకున్నదే, గవర్నమెంటు పొయ్యి ముట్టుకోలా. మజ్జిగ పోసి పెట్టా. ఉల్లిపాయ, పచ్చిమిరగాయ, ఆవకాయ. నిప్పంటించానని రాయమాకండి, తమకి పుణ్యముంటది."

"వండినది," అన్నారు డైరెక్టరుగారు. నా సర్వీసులో ఒక మాటను అంత దుఃఖంగా పలికిన అధికారిని చూడలేదు.

హైమవతిగారు కిందికి వంగారు. కుండలో థర్మామీటరు పెట్టారు. అర నిమిషం.

"ఇరవై ఏడు," అన్నారు. "అపక్వం."

"ఏమిటీ?"

"అపక్వం సార్. మజ్జిగ ఇరవై ఆరున్నర. అపక్వం. ఆవకాయ గోనె కిందే ఉంది, ఇరవై తొమ్మిది. పైగా దానికి నిప్పు తగిలిన చరిత్రే లేదు. ఈ ఊళ్లో ప్రస్తుతం పచ్చిగా ఉన్న ఆహారం ఇదొక్కటే."

పెద్దల మాట చద్దిమూట అంటారు. ఆ రోజు చద్దిమూటే పెద్దల మాట నిలబెట్టింది. డైరెక్టరుగారు ఇసుకలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. మీరావలి బాదం ఆకులో పెట్టాడు. ఆయన మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు మూసుకున్నారు. మూడో ముద్దకు కళ్లమ్మట నీళ్లొచ్చాయి, అవి ఆవకాయకో మరెందుకో నేను అడగలేదు. నాలుగోసారి మారు అడిగారు. మీరావలి కుండ వంచి, అడుగున మిగిలిన మజ్జిగ కూడా పోసేశాడు. తను తిన్నది రెండు ముద్దలే.

తిని లేచాక ఆయనకు ఆర్డరు గుర్తొచ్చింది. విసనకర్రగా వాడిన కాగితాన్ని భోజనమప్పుడు పక్కన పెట్టారు. మీరావలి ఆవకాయ గిన్నె దాని మీదే పెట్టాడు. సంతకం చెయ్యాల్సిన చోట గిన్నెంత నూనె మరక. డైరెక్టరుగారు పెన్ను తీసి రెండుసార్లు గీశారు. నూనె మీద ఇంకు నిలవలేదు.

"శాఖ వద్దంటోంది," అని పెన్ను జేబులో పెట్టుకున్నారు.

వారం తరవాత కొత్త సర్క్యులర్ వచ్చింది. "సున్నంపాడు విశ్రాంతి గృహము నందు, అత్యంత ప్రతికూల వాతావరణములో సైతము అపక్వాహారము లభ్యమగుట హర్షణీయము. సదరు మీరావలిని శాఖాపరముగా ప్రథమ అపక్వాహార నిపుణునిగా నియమించడమైనది." మిగతా విశ్రాంతి గృహాల వంటవాళ్లందరూ అతని దగ్గర శిక్షణకు రావాలి. శిక్షణ సులువే. సాయంత్రం మామూలుగా వండడం, తడి గోనె చుట్టి ఇసుకలో పెట్టడం, మర్నాడు చల్లగా పెట్టడం. ఇరవై ఏడు డిగ్రీల గుత్తివంకాయ పచ్చిది. ఇరవై ఆరు డిగ్రీల నాటుకోడి పులుసు ఇంకా పచ్చిది. పొయ్యికి వేసిన ముద్ర తీసేద్దామంటే అది ముందే కరిగిపోయింది కాబట్టి ఫైలు అక్కర్లేకపోయింది.

ఆ ఏడు మా శాఖ నూటికి నూరుపాళ్లు అపక్వమైంది. ఎవరో సంఘంవాళ్లు డైరెక్టరుగారికి 'అపక్వ శిరోమణి' బిరుదిచ్చారు. శాలువా కప్పించుకోవడానికి ఆయన వేదిక ఎక్కినప్పుడు మళ్లీ బొజ్జే ముందు ఎక్కింది. అదే వేసవిలో విశ్రాంతి గృహం గేటు ముందు దోసకాయలమ్ముకునే ఆవిడకు, ఎండవేళ పక్వాహారం అమ్ముతున్నందుకు సంజాయిషీ నోటీసు వెళ్లింది. ఆవిడ దాన్ని పొట్లం కట్టడానికి వాడుకుంది.

అందరూ సుఖంగా ఉన్నారు, ఒక్క మీరావలి తప్ప. పోస్టు మిగిలింది, మోకాళ్లు మిగిలాయి. కాని ఎప్పుడు వెళ్లినా మొహం దిగులుగానే ఉండేది.

"ఆవిరి లేదు బుజంగరావుగారూ," అనేవాడు. "వొంటవాడికి కావాల్సిందేంది? మూత తీత్తే ఆవిరి మొహాన కొట్టాల. తినేవోడు ఉఫ్ ఉఫ్ అని ఊదుకోవాల. రెండేళ్లయింది ఒక్కరికి వేడన్నం పెట్టి. అందరికీ సద్ది పెట్టి పంపుతున్నా."

అతను డిసెంబరు ఆఖరి రోజున రిటైరయ్యాడు. ఐదు గంటలకు ఆఫీసులో దండ వేశారు. సున్నంపాడులో దింపడానికి నేను జీపులో బయల్దేరాను. ఎనిమిదో రాయి ఇంకా రాకముందే మీరావలి డ్రైవరు భుజం తట్టాడు.

"ఇక్కడాపు నాయనా. ఇది ఇవతలేగా?"

దిగి సంచీ విప్పాడు. బియ్యం, గిన్నెలు, మసాలా పట్టించిన కోడి. అన్నీ ముందే సిద్ధం చేసుకున్నాడు. అక్కడ మావాళ్లు పారేసిన విరిగిన రాళ్ల కుప్ప ఉంది. మూడు రాళ్లు ఏరి పొయ్యి పేర్చాడు. ఒకదాని మీద ఐదు, ఒకదాని మీద పదకొండు, మూడోదాని మీద అంకె చెరిగిపోయింది. ఇడ్లీ బండాయన పుల్లలిచ్చాడు. చలిగాలి వీస్తోంది. గంటలో అన్నం ఉడికింది, కోడి పులుసు కుతకుతలాడింది. మీరావలి మూత తీశాడు. ఆవిరి లేచి అతని కళ్లద్దాల మీద కమ్ముకుంది. అతను వాటిని తుడుచుకోలేదు. అట్లాగే నిలబడి నవ్వుతున్నాడు.

అప్పుడే అవతలి వైపు నుంచి డైరెక్టరుగారి జీపు వచ్చి రాయికి రెండడుగుల దూరంలో ఆగింది. పర్యటన నుంచి తిరిగి వస్తున్నారు. పక్కన హైమవతిగారు, వెనక ఇద్దరు పనివాళ్లు.

"మీరావలీ, ఏమిటయ్యా ఆ వాసన?" అంటూ దిగారు.

"వేడన్నం సారూ. రండి, ఇటు రండి, వడ్డిత్తా."

డైరెక్టరుగారు అడుగు ఎత్తి ఆగిపోయారు. "పర్యటన డైరీలో ఏడు గంటలకు రాయి దాటినట్టు పొద్దున్నే రాసేశాను. ఇప్పుడు ఆరున్నర. ముందే దాటితే రికార్డు తప్పవుతుంది." కాసేపు ఆలోచించారు. ముప్ఫై ఏళ్ల పాలనానుభవం ఆయన నుదుటి మీద ముడతలుగా తేలింది. "నేను రాయి దాటకూడదు. రాయి నన్ను దాటవచ్చు. ఒరేయ్, దాన్ని పెకలించి నా వెనక పాతండి."

మీరావలి అప్పటికే విస్తరి వేసి వడ్డించేశాడు. పనివాళ్లు గునపాలు తీశారు. అది మా శాఖ రాయి, మూడడుగులు లోపలికి ఉంది. తవ్వారు, కదిపారు, ఒక పక్కకు ఒరిగింది, మళ్లీ తవ్వారు. విస్తరి మీద ఆవిరి సన్నబడింది, ఆగిపోయింది. హైమవతిగారు అలవాటుకొద్దీ రాయి చుట్టూ తిరిగి వచ్చి విస్తరిలో థర్మామీటరు గుచ్చారు.

"నలభై ఒకటి. అపక్వమైంది సార్. ఇక రాయి కదపక్కర్లేదు, విస్తరి అటు అందిస్తే చాలు."

"అదీ పద్ధతంటే!" అని డైరెక్టరుగారు చెయ్యి చాచారు.

మీరావలి ఆ విస్తరి తీసుకుని తన వెనక పెట్టుకున్నాడు.

"ఇవ్వను సారూ."

"ఏమిటీ?"

"చల్లారింది. చల్లారిన కూడు నా చేత్తో ఇంక ఎవురికీ పెట్టను. రెండేళ్లు పెట్టా, చాలు. ఐదింటికి నా సర్వీసు అయిపోయింది, ఆపీసులో దండ గూడా ఏశారు." గరిటెతో గిన్నె అడుగు నుంచి తీశాడు. మళ్లీ ఆవిరి గుప్పున లేచింది. "ఇదిగో, ఇది వేడిది. తినేవోళ్లు ఇటు రావాల."

డైరెక్టరుగారు గడియారం చూసుకున్నారు. ఒరిగిన రాయిని చూశారు. కొత్త విస్తరిలో అన్నం మీద పులుసు జారుతోంది. ఆయన పంచె ఎగ్గట్టి, తవ్విన గొయ్యి మీదుగా ఒక్క గెంతు గెంతి ఇవతల పడ్డారు. మొదటి ముద్దకే నాలుక కాలింది. ఉఫ్ ఉఫ్ అని ఊదుకున్నారు. మీరావలి మొహం చూడాలి అప్పుడు.

హైమవతిగారు గొయ్యి చుట్టూ తిరిగి నెమ్మదిగా వచ్చారు. అన్నంలో థర్మామీటరు పెట్టి, "డెబ్బై ఒకటి," అని పైకే చదివి, దాన్ని తుడిచి సంచీలో వేసుకుని, తనకూ ఒక విస్తరి వెయ్యమన్నారు.

ఎనిమిదో రాయిని తరవాత ఎవరూ సరిచెయ్యలేదు. అది నిలబడి ఉన్నట్టా పడుకుని ఉన్నట్టా అని పైనుంచి అడిగితే నేనే రిపోర్టు రాశాను. 'సుమారుగా నిలబడి ఉంది' అని రాసి, భయపడుతూనే హైమవతిగారి బల్ల మీద పెట్టాను. ఆవిడ ఎర్ర పెన్ను తీశారు. చాలాసేపు ఆ మాట వైపు చూసి, మూత పెట్టేశారు.